సెప్టెంబరు పద్దెనిమిది ఖాళీ

గోరింకపూడి మునిసిపాలిటీకి దోమలు తప్ప మిగతావన్నీ రాజధాని నుంచే రావాలి. ఆ ఏడు రోహిణీ కార్తెలో అక్కణ్ణించి ఒక సర్క్యులరు వచ్చింది. ప్రజల్లో స్ఫూర్తి నానాటికీ తగ్గిపోతోందని ప్రభుత్వం వారు గమనించి బాధపడ్డారట. మంచినీళ్ళు తగ్గిపోతున్నాయని ఊరు ఊరంతా బిందెలు పెట్టుకుని రోడ్డు మీద కూర్చుంటే గమనించనివారు, స్ఫూర్తి తగ్గిందని మాత్రం ఇట్టే పట్టేశారు. కాబట్టి రాష్ట్రంలోని ప్రతి పట్టణమూ, ఏడాదిలో ప్రతి తేదీకీ, సొంత గడ్డ మీద పుట్టిన ఒక ప్రముఖుడి జయంతినీ, అదే గడ్డ మీద పోయిన ఇంకో ప్రముఖుడి వర్ధంతినీ విధిగా జరపాలి. పొరుగూరి ప్రముఖుల్ని అరువు తెచ్చుకోరాదు. ఏ ఒక్క తేదీ ఖాళీగా ఉండరాదు. అన్నీ నింపిన ఊరికి ‘సంపూర్ణ స్ఫూర్తి పట్టణం’ అనే బిరుదు సాక్షాత్తూ మంత్రిగారి చేతుల మీదుగా ఇస్తారు.

ఈ సర్క్యులరు వల్ల మొట్టమొదట దెబ్బతిన్నది క్లారినెట్టు చిట్టబ్బాయి పొత్తికడుపు.

చిట్టబ్బాయి అంటే పిల్లాడనుకునేరు. డెబ్భై దాటి చాలా రోజులైంది. మా గోదావరి వైపు ముద్దుగా పెట్టిన పేరు కాటికి వెళ్ళేదాకా వదలదు. వీరభద్ర బ్యాండు మేళంలో క్లారినెట్టు ఆయనదే. ఊళ్ళో పెళ్ళి ఊరేగింపుకీ ఆయనే, శవం లేస్తే ముందు నడిచేదీ ఆయనే. మునిసిపాలిటీ వాళ్ళు పొద్దున జయంతికి ఒకసారి, సాయంత్రం వర్ధంతికి ఒకసారి రోజూ మేళం పెట్టించేసరికి, అంత ఊదుడూ ఊది ఆయనకి హెర్నియా దిగింది. “స్ఫూర్తి లోపలికి దిగిందండీ, పైకి రావట్లేదు” అని నవ్వేవాడు మొదట్లో. తర్వాత నవ్వినా నొప్పే వచ్చేది.

ఇక ఆఫీసులో జయంతి, వర్ధంతుల ప్రత్యేకాధికారిగా కమలాకరం గారు వచ్చారు. అంతకుముందు ఆయన కుక్కల నియంత్రణ చూసేవారు. ఊళ్ళో కుక్కలు పూర్తిగా నియంత్రణలోకి వచ్చాయని నివేదిక పంపి ప్రమోషను కొట్టారు. ఆ సంగతి కుక్కలకి ఎవరూ చెప్పలేదు, అది వేరే విషయం.

పుట్టినవాళ్ళకి కొదవ లేకపోయింది. ఊరికి మొదటిసారి ఐసుగడ్డ తెచ్చినవాడు, తాలూకాలో తొలిసారి ఇంగ్లీషులో తిట్టినవాడు, దొరగారి గుర్రం తన్నితే తట్టుకుని నిలబడ్డవాడు, అందరూ ప్రముఖులైపోయారు. చిక్కంతా పోయినవాళ్ళ దగ్గరే వచ్చింది. మనవాళ్ళు తారీఖున పోరు కదా, తిథిన పోతారు. తాతగారు ఎప్పుడు పోయారంటే భాద్రపద బహుళ నవమి అని ఠక్కున చెప్తారు, తద్దినం ఏనాడూ తప్పరు, ఇంగ్లీషు తేదీ అడిగితే మాత్రం నోరు వెళ్ళబెడతారు.

కమలాకరం గారికి ఇందులో మంచి అవకాశం కనిపించింది. తేదీ ఎవరికీ తెలియదు కాబట్టి ఆఫీసుకి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ వేసుకోవచ్చు. దానికి ‘సర్దుబాటు వర్ధంతి’ అని పేరు పెట్టారు.

ఒక మనవడు పరుగెత్తుకొచ్చాడు. “మా తాతగారు మాఘమాసం చలికి బిగుసుకుపోయి పోయారండీ! మీరు జూన్ నెలలో దండ వేశారేంటండీ?”

“చూడండి, చలి అనేది స్థానిక విషయం. తేదీ అనేది పరిపాలనా విషయం. రెంటినీ కలపరాదు” అన్నారు కమలాకరం గారు.

ఆ మనవడు ఊరుకునే రకం కాదు. రాజధానికి వెళ్ళి కూర్చున్నాడు. ఇకపై సర్దుబాట్లు చేయరాదని అక్కణ్ణించి ఆర్డరు వచ్చింది. అప్పటికి గోరింకపూడి క్యాలెండరులో అన్ని గళ్ళూ నిండాయి, ఒక్కటి తప్ప. సెప్టెంబరు పద్దెనిమిది. ఆ రోజున పుట్టినవాడున్నాడు, పోయినవాడు లేడు. ఇన్నేళ్ళ చరిత్రలో ఈ ఊళ్ళో ఒక్క పెద్దమనిషి కూడా ఆ తారీఖున పోలేదు. కమలాకరం గారికి ఇది ఊరి మీద వేసిన మచ్చలా తోచింది. మంత్రిగారేమో ఆ నెలాఖరుకి వస్తానన్నారు.

సరిగ్గా అదే వేళకి చిట్టబ్బాయి తలుపు దగ్గర నిలబడ్డాడు, పొట్టని చేత్తో పట్టుకుని.

“అయ్యా, నాకు పెద్దాసుపత్రిలో ఆపరేషను రాశారండి. వచ్చే బుధవారం. ఓ నెల రోజులు ఊదొద్దన్నారు. ఈలోగా మా మేళంలో కుర్రాడు చూసుకుంటాడండి.”

కమలాకరం గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. “ఆపరేషనా? పెద్ద ఆపరేషనా?”

“చిన్నదేనంటండి.”

“అయ్యో” అన్నారు ఆయన. ఆ అయ్యో ఎందుకన్నారో చిట్టబ్బాయికి అప్పుడు తెలియలేదు. “తమరి వయస్సెంత? గుండె ఎలా ఉంది? బీపీ ఏమైనా... నిలబడ్డారేంటి, కూర్చోండి కూర్చోండి. కళాకారులు మీరు.”

చిట్టబ్బాయి పుట్టి బుద్ధెరిగాక ఆ ఆఫీసులో ఆయన్ని కూర్చోమన్నవాడు లేడు. కూర్చున్నాడు. లోపల చిన్న సంతోషం కూడా వేసింది. మనిషన్నాక మర్యాదకి పడిపోనివాడెవడు?

మర్నాడు ఇంటికి జీపొచ్చింది. శాలువా, పూలబొకే, ఫోటోగ్రాఫరు. చిట్టబ్బాయిని ‘ప్రముఖ క్లారినెట్టు విద్వాంసుడు’గా గుర్తిస్తూ తీర్మానం చేశారట. వాళ్ళ వీధికి ఆయన పేరు పెడతారట. పార్కులో విగ్రహానికి చోటు కూడా చూశారట. ఆపరేషను మాత్రం బుధవారం కాదు, పద్దెనిమిదో తారీఖు.

చిట్టబ్బాయి భార్య మంగతాయారు పొయ్యి దగ్గర్నుంచి లేచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడ నోటికి జడిసి వీరభద్ర మేళంలో డప్పులవాళ్ళు కూడా మెల్లిగా మాట్లాడతారు.

“పద్దెనిమిదెందుకండీ? మా ఆయన నొప్పితో గిలగిలా కొట్టుకుంటన్నాడు.”

“అమ్మా, ఆ రోజు పట్టణానికి ఎంతో కీలకమైనది. ఆ రోజున ఏదైనా జరగరానిది జరిగినట్లయితే, తమ భర్తగారు చరిత్రలో శాశ్వత స్థానం సంపాదించుకుంటారు. ప్రతి ఏటా దండ, దీపం, ప్రసంగం. ఏదీ జరగనట్లయితే అది వేరే సంగతి. కానీ మనం ఆశాభావంతో ఉందాం” అన్నారు జీపు దిగిన కమలాకరం గారు.

మంగతాయారుకి అర్థం కావడానికి క్షణం పట్టింది. “నీ ఆశాభావం మండిపోనూ!” అని చీపురు కోసం చూసింది. ఈలోగా జీపు కదిలింది.

“ఏవయ్యా, విన్నావా? నువ్వెప్పుడు పోతావా అని దండ పట్టుకుని కూర్చున్నారు!”

“ఊరుకోవే. ఏదో పెద్దమనుషులు, మాట వరసకి అన్నారు” అన్నాడు చిట్టబ్బాయి, శాలువా మడత నలక్కుండా. పాపం, వీధికి తన పేరు పెడతారన్నమాట చెవిలో ఇంకా తియ్యగానే ఉంది.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ కొత్తగా వచ్చిన పిల్ల, ఇంకా భయం అలవాటు కాలేదు. కమలాకరం గారికి ఎదురు చెప్పింది. “సార్, హెర్నియాకి ఎవరూ చనిపోరు. అయితే ఆలస్యం చేస్తే పేగు మెలికపడి ప్రాణం మీదికి రావచ్చు.”

“రావచ్చునా?” అన్నారాయన, ఫైలు మీద రాసుకుంటూ. “అయితే ఆలస్యానికి సాంకేతిక కారణం కూడా లభించింది. చాలా సంతోషం.”

పై అధికారి నుంచి ఫోనొచ్చింది. డాక్టరమ్మ నోరు మూసుకుంది. ఆసుపత్రిలో అది మొదటి పాఠం.

చిట్టబ్బాయిని ముందుగానే చేర్పించారు. వార్డులో కాదు, ప్రత్యేక గదిలో. కిటికీలకి కొత్త కర్టెన్లు, మంచానికి తెల్లదుప్పటి. తలగడ పక్కనే ఆసుపత్రికంతటికీ ఉన్న ఒక్క ఆక్సిజన్ సిలిండరు నిలబెట్టి, ‘చిట్టబ్బాయి గారి నిమిత్తం’ అని చీటీ అతికించారు. అదెందుకండీ, నాకు ఊపిరి బాగానే ఆడుతోంది కదా అంటే, ప్రముఖుడి గదిలో ఏదీ లోటని పత్రికలవాళ్ళు రాయకూడదన్నారు.

రోజూ కమలాకరం గారు వచ్చి కార్యక్రమం చదివి వినిపించేవారు. ఎవరు ముందు దండ వేస్తారు, ఎవరు కన్నీరు పెట్టుకుంటారు, ఎంతసేపు. అన్నీ చిట్టబ్బాయి ఆమోదంతోనే జరగాలని ఆయన పట్టుదల. ఆయన ప్రజాస్వామ్యవాది.

“బాగానే ఉందండి” అన్నాడు చిట్టబ్బాయి ఒకనాడు, నొప్పికి పళ్ళు బిగించి. “మరి మేళం ఎవరిది పెడతారు?”

“మీ వీరభద్ర మేళమే. మరొకరిని పెట్టడం తమకి అవమానం కదా.”

“నేను లేకపోతే క్లారినెట్టు ఎవడు ఊదుతాడండి? మా కుర్రాడికి శవం పాట పూర్తిగా రాదు. సగంలో పెళ్ళి పాటలోకి జారిపోతాడు.”

కమలాకరం గారు ఆలోచించారు. “తమరే ముందుగా ఊది ఇస్తే రికార్డు చేసుకుంటాం. దానివల్ల ఖర్చు కూడా కలిసొస్తుంది.”

అప్పుడు దిగింది చిట్టబ్బాయికి. ఊరందరి శవాల ముందూ ఊదుకుంటూ నడిచిన మనిషిని, తన శవం ముందు కూడా నడవమంటున్నారు. కమలాకరం గారు వెళ్ళిపోయాక మంగతాయారు చెయ్యి పట్టుకుని, “నాకు భయమేస్తందే. నాకు చావాలని లేదు. వీధికి పేరొద్దు, పాడొద్దు. ఇంటికెళ్ళి మళ్ళీ ఒక్కసారి పెళ్ళి ఊరేగింపులో ఊదాలి” అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“ఎవడో దండ కొన్నాడని చచ్చిపోతావేంటయ్యా? నేనుండగా నిన్ను ఎవడు చంపుతాడో చూస్తాను” అంది ఆవిడ. అంది గానీ ఆవిడకీ కళ్ళు నిండాయి.

ఆ గది బయట వరండాలో, నేల మీద చాప వేసి రావులమ్మని పడుకోబెట్టారు. రావులమ్మ మునిసిపాలిటీలో ఊడ్చే మనిషి. ఇన్నాళ్ళూ జయంతి వర్ధంతులయ్యాక ఆ వాడిన దండలూ, కాగితం కప్పులూ, పెద్దలు తిని పారేసిన విస్తళ్ళూ ఎత్తిపోసింది ఆవిడే. మంత్రిగారు వస్తున్నారని మురిక్కాలవలో దింపారు. ఆ కంపుకి ఊపిరితిత్తులు పట్టేసి, మూడ్రోజులుగా దగ్గు, ఆయాసం. వార్డులో మంచం ఖాళీ లేదు. ప్రత్యేక గది ఖాళీ చేయించడానికి వార్డు మంచాలు అటూ ఇటూ సర్దారు కదా, ఆ సర్దుబాటులో ఆవిడ వరండాలోకి వచ్చింది.

తలుపు తీసినప్పుడల్లా ఆ దగ్గు గదిలోకి వినిపించేది.

“రావులమ్మా, ఎలా ఉందమ్మా?” అని లోపల్నుంచే కేకేసేవాడు చిట్టబ్బాయి.

“ఊపిరి ఆడతా లేదన్నా” అనేది ఆవిడ. దానికే మళ్ళీ దగ్గొచ్చేది.

మంగతాయారు ఆవిడకి గంజి కాచి పట్టేది, వీపు రాసేది. చిట్టబ్బాయి నర్సుని పిలిచి, “ఈ సిలిండరు నాకెందుకమ్మా, అలంకారానికా? ఆవిడకి పెట్టండి” అన్నాడు. నర్సు డాక్టరమ్మకి చెప్పింది. డాక్టరమ్మ పరుగున వచ్చి చీటీ చింపబోయింది. సరిగ్గా అప్పుడే కమలాకరం గారు అడ్డొచ్చారు.

“ఇది కార్యక్రమంలో భాగంగా కేటాయించబడింది. కేటాయించినదాన్ని మార్చాలంటే పైనుంచి అనుమతి కావాలి. పద్దెనిమిది తర్వాత నిరభ్యంతరంగా వాడుకోవచ్చు.”

“అప్పటిదాకా ఆవిడ...”

“ఆమెను కూడా ఆశాభావంతో ఉండమనండి.”

పద్దెనిమిది పొద్దున్నే వాన మొదలైంది. ఆసుపత్రి నిండా జనం. కమలాకరం గారు, కమిషనరు గారు, కెమెరాలు, బుట్ట నిండా బంతిపూల దండలు. ఉన్న ఒక్క డాక్టరమ్మనీ, ఇద్దరు నర్సుల్నీ చిట్టబ్బాయి ఆపరేషనుకి తీసుకుపోయారు. సిలిండరు కూడా వాళ్ళతోనే వెళ్ళింది. మంగతాయారు ఒక్కతే తలుపు దగ్గర, ఒక కన్ను అటు, ఒక కన్ను వరండా వైపు. రావులమ్మ కూతురు గంగ తల్లి తలని ఒళ్ళో పెట్టుకుని, “ఎవరన్నా రండమ్మా, మాయమ్మకి ఊపిరందట్లేదు” అని వచ్చేపోయేవాళ్ళ కాళ్ళు పట్టుకుంది. కార్యక్రమంలో ఉన్నామన్నారు వాళ్ళు.

చిట్టబ్బాయి పేగు అప్పటికే మెలికపడబోతోందట. డాక్టరమ్మ చెయ్యి మంచిది. పంటి బిగువున సరిచేసి కుట్టేసింది. మధ్యాహ్నానికి ఆయన కళ్ళు తెరిచాడు. తెరవగానే కనిపించింది కమలాకరం గారి మొహం, చేతిలో దండతో. మూడంతస్తుల మేడ కూలినవాడు కూడా అంత దిగాలుగా ఉండడు.

“తమరు...” అన్నారాయన, “ఉన్నారా?”

“ఉన్నానండి” అన్నాడు చిట్టబ్బాయి, తప్పుచేసినవాడిలా.

“ఏర్పాట్లన్నీ పూర్తయిన తర్వాత ఈ విధంగా సహకరించకపోవడం పట్టణ ప్రతిష్ఠకి భంగకరం. దీనిపై సంజాయిషీ కోరడం జరుగుతుంది.”

సరిగ్గా అప్పుడు వరండాలో గంగ గుండెలు బాదుకుంటూ గొల్లుమంది. డాక్టరమ్మ పరుగెత్తింది. చెయ్యి పట్టుకుని చూసి, నేల మీదే కూర్చుండిపోయింది. రావులమ్మ పోయింది.

మంగతాయారు వచ్చి కమలాకరం గారి ముందు నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“పద్దెనిమిది ఖాళీగా ఉందని ఏడ్చావు కదా బాబూ. ఇదిగో, నిండింది. ఆ దండ తెచ్చి ఆవిడకి వెయ్యి.”

కమలాకరం గారు వరండా వైపు ఒకసారి తొంగి చూసి, వెనక్కి జరిగారు. “అది కుదరదమ్మా. ఆమె ప్రముఖురాలి కోవలోకి రాదు. పైగా మునిసిపాలిటీలో పర్మినెంటు ఉద్యోగి కూడా కాదు, కాంట్రాక్టు.”

“ఉద్యోగం పర్మినెంటు కాకపోతే ఏంటయ్యా? చావు పర్మినెంటే కదా!”

కమలాకరం గారూ, ఆయన వెంట వచ్చినవాళ్ళూ దండల బుట్ట తీసుకుని జీపెక్కి వెళ్ళిపోయారు. సాయంత్రానికి చిట్టబ్బాయి గదికి కర్టెన్లు పీకేశారు. ఆయన్ని వార్డులోకి మార్చారు. ప్రముఖుడి తీర్మానం రద్దయింది. వీధి బోర్డు మీద అప్పటికే రాసేసిన ఆయన పేరు సున్నం కొట్టి చెరిపేశారు. చిట్టబ్బాయికి దాని మీద ధ్యాస లేదు. పక్కకి తిరిగి గోడకేసి చూస్తూ, “నా ఊపిరి బానే ఉంది కదే. ఆ సిలిండరు నేనే లాగి బయట పెట్టుండాల్సింది” అని అదే మాట.

కమలాకరం గారు ఆ రాత్రి నివేదిక రాశారు. ‘పద్దెనిమిదో తేదీన పట్టణంలో ప్రముఖుల మరణాలు శూన్యం’ అని. సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుందని ఆయన బెంగ. అయితే నివేదికలు పైకి వెళ్ళేకొద్దీ బరువు తగ్గుతాయి కదా. జిల్లాలో ‘ప్రముఖుల’ అనే మాట అనవసరమని కొట్టేశారు. రాజధానికి చేరేసరికి ‘గోరింకపూడిలో ఆ రోజు మరణాలు శూన్యం’ అని మిగిలింది. అది ఆరోగ్యశాఖ కంటబడింది. వాళ్ళు ఎగిరి గంతేశారు. రాష్ట్రంలో మరణాలే లేని ఊరు! ‘మృత్యురహిత పట్టణం’ అని కొత్త అవార్డు పుట్టించారు. స్ఫూర్తి కన్నా ఇది పెద్దది. మంత్రిగారు అదే చేత్తో ఇచ్చేస్తానన్నారు. రావులమ్మ మరణం రిజిస్టరులో ఎక్కించకుండా, అవార్డు సభ అయ్యేదాకా ఆపి ఉంచమని మౌఖిక ఆదేశాలు వెళ్ళాయి.

సభ రోజే రావులమ్మ దినం. గంగ ఇంటి ముందు చిన్న పందిరి వేసి, పది మందికి వండింది. చిట్టబ్బాయి కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నా, మంగతాయారు భుజం పట్టుకుని మెల్లిగా నడిచొచ్చాడు. క్లారినెట్టు ఊదొద్దని డాక్టరమ్మ ఒట్టు వేయించుకుంది గనక దాన్ని గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

విస్తళ్ళు వేస్తుండగా పందిరి ముందు జీపు ఆగింది. ఇస్త్రీ చొక్కా, మెడలో బ్యాడ్జీ, మొహంలో వెలుగుతో కమలాకరం గారు దిగారు.

“చిట్టబ్బాయి గారూ, తమకోసం ఊరంతా గాలిస్తున్నాం! పాతవి మనసులో పెట్టుకోకండి. ఆ రోజున ఆపరేషను జరిగినా మరణించని వ్యక్తిగా తమకి వేదిక మీద సన్మానం. మంత్రిగారు ఎదురు చూస్తున్నారు. లేవండి, లేవండి.”

చిట్టబ్బాయి లేవలేదు. “నేను రానండి. ఈవిడ దినం.”

“ఎవరి దినం?”

“ఆ రోజు వరండాలో పోయిన రావులమ్మదండి.”

కమలాకరం గారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. “అలాంటి మాటలు ఈ పూట అనకూడదు. ఆ రోజున గోరింకపూడిలో ఎవరూ మరణించలేదని ప్రభుత్వం ధ్రువీకరించింది.”

అన్నం వడ్డిస్తున్న గంగ గరిటె పట్టుకునే ఇటు వచ్చింది.

“ఎవరూ పోలేదాండి?”

“రికార్డు ప్రకారం ఒక్కరు కూడా పోలేదమ్మా.”

“అయితే మా అమ్మని ఇంటికి పంపించెయ్యండి బాబూ. పొద్దెక్కిపోతంది, దానికిష్టమని చేపల పులుసు వండాను. ఇస్తరి కూడా వేసేశాం.”